పదకొండు ఇంటర్వ్యూలు, ఒక పాత లాప్‌టాప్

ప్రశ్న: మాది తెనాలి. మా తాతయ్య నలభై ఏళ్లు ప్రెస్సులో కంపోజిటర్‌గా పనిచేశారు. సీసం అక్షరాలు ఒక్కొక్కటే చేత్తో పేర్చి పేజీలు కట్టిన తరం ఆయనది. ఆయన పోయాక, అలాంటివాళ్లు ఇంకా ఎవరున్నారా అని వెతికి తెనాలిలో, విజయవాడలో పదకొండు మందిని కలిశాను. వాళ్ల మాటలు ఫోన్‌లో రికార్డు చేశాను. వాటిని అందరూ చదివేలా, వినేలా నెట్‌లో పెట్టాలని ఉంది. ఒక వెబ్ డిజైనర్‌ని అడిగితే వర్డ్‌ప్రెస్‌లో చేసిస్తాం, నలభై వేలవుతుంది, ఆపైన ఏటా పన్నెండు వేలు అన్నారు. అంత నా వల్ల కాదు. స్టాటిక్ సైటు అయితే దాదాపు ఖర్చే ఉండదని మా తమ్ముడు అంటున్నాడు. నేను బీకాం చదివాను, కోడింగ్ రాదు. నా వల్ల అవుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి? తర్వాత నడపడం కష్టమా?

జవాబు: మీ తమ్ముడు చెప్పింది నిజమేనమ్మా. బీకాం అన్నారు కాబట్టి టాలీ చూసే ఉంటారు. టాలీలో ఎంట్రీలు వేయడానికి ఎంత ఓపిక కావాలో దీనికీ అంతే కావాలి. నలభై వేలు అడిగినాయనని తప్పుపట్టాల్సిన పని లేదు, ఆయన రేటు ఆయనది. మీ పనికి ఆ సరంజామా అక్కర్లేదు, అంతే.

స్టాటిక్ అంటే ఏమిటో మీ తాతయ్యగారి భాషలో చెప్తాను. వర్డ్‌ప్రెస్ లాంటివాటిలో పాఠకుడు వచ్చి పేజీ అడిగితే, లోపల డేటాబేస్ తెరిచి, ముక్కలు పోగుచేసి, అప్పటికప్పుడు కంపోజ్ చేసి చూపిస్తారు. స్టాటిక్ సైటులో పేజీ ముందే కంపోజై, ప్రూఫు దిద్దుకుని, అచ్చయి బీరువాలో ఉంటుంది. అడిగినవాడికి ఒక ప్రతి తీసివ్వడమే. గంటకోసారి మారే వార్తలకి, సరుకులు అమ్మే దుకాణానికి మొదటి పద్ధతి కావాలి. ఇంటర్వ్యూ ఒకసారి వేశాక మారేవి అచ్చుతప్పులే. పైగా డేటాబేస్ లేదు, ప్లగిన్లు లేవు, నెలనెలా అప్‌డేట్ల గోల లేదు. నాకు తెలిసినవాళ్ల వర్డ్‌ప్రెస్ సైటు ఒకటి ఏడాదిన్నర పట్టించుకోకుండా వదిలేస్తే, కవితల మధ్య ఏవో మాత్రల ప్రకటనలు మొలిచాయి. స్టాటిక్ సైటుని పదేళ్లు ముట్టుకోకపోయినా దానికేం కాదు.

సాఫ్ట్‌వేర్ సంగతికి వచ్చేముందు ఒక ఫోల్డరు తయారుచేయండి. దాని లోపల మూడు ఫోల్డర్లు. మొదటిది అసలు రికార్డింగులకి: ఫోన్‌లోంచి ఎలా వచ్చిందో అలాగే, కత్తిరించకుండా, పేరు మాత్రం మార్చి పెట్టాలి. రెండోది పూర్తి రాతప్రతులకి, అంటే వాళ్లు అన్న ప్రతి మాటా ఉన్న ఫైళ్లకి. మూడోది సైటుకి. మొదటి రెండూ ఎప్పటికీ నెట్‌కి ఎక్కవు. మూడో దాంట్లోకి ఆ పెద్దాయన విని, చూసి, సరే అన్నదే వెళ్తుంది. ఈ గోడ మొదటిరోజే కట్టుకోవాలి. తర్వాత కట్టుకుందామంటే కుదరదని నాకు అనుభవం. ఎందుకో కింద చెప్తాను.

ఫైళ్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, అన్నీ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టండి. తెలుగు మీద ప్రేమతో పేజీ చిరునామా కూడా తెలుగులోనే పెట్టాలని అనిపిస్తుంది. నేనూ పెట్టాను. అది బ్రౌజర్‌లో ముచ్చటగానే కనిపిస్తుంది, కానీ కాపీ చేసి వాట్సాప్‌లో పంపితే అసలు రూపం బయటపడుతుంది. ‘తెనాలి’ అన్న మూడక్షరాల మాట శాతం గుర్తులూ అంకెలూ కలిసి యాభైనాలుగు గుర్తుల చేంతాడవుతుంది. చూసినవాళ్లు ఇదేదో వైరస్ లింకనుకుని నొక్కరు. ఇక పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా మీ విండోస్ లాప్‌టాప్ పట్టించుకోదు, నెట్‌లో ఉండే సర్వర్ పట్టించుకుంటుంది. ఇంట్లో చక్కగా కనిపించిన ఫోటో సైటులో కనపడలేదంటే నూటికి తొంభై సార్లు కారణం ఇదే.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్. స్టాటిక్ సైట్లు తయారుచేసే ఉచిత పరికరాలు చాలా ఉన్నాయి. 2008లో వచ్చిన జెకిల్ వాటిలో పాతకాపు, కానీ దానికి ముందు రూబీ అనే భాష ఎక్కించుకోవాలి. విండోస్ మీద అదొక తలనొప్పి. ఎలెవెంటీ మంచిదే, దానికి నోడ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ కావాలి. మీకు నేను చెప్పేది హ్యూగో. 2013లో వచ్చింది. ఒకే ఒక ఫైలు దించుకుంటే చాలు, ఇన్‌స్టాల్ చేసే తతంగం లేదు. పాత లాప్‌టాప్ మీద కూడా వంద పేజీల సైటుని కాఫీ గ్లాసు అందుకునేలోపు కట్టేస్తుంది. ఒక జాగ్రత్త: హ్యూగోకి కొత్త వెర్షన్లు తరచూ వస్తాయి, వాటితో పాత థీములు, అంటే సైటు రూపం కోసం దొరికే రెడీమేడ్ డిజైన్లు, అప్పుడప్పుడు మొరాయిస్తాయి. కాబట్టి సైటు బాగా నడుస్తున్న రోజున ఆ హ్యూగో ఫైలునే మీ ఫోల్డరులో దాచేసుకోండి. కొత్తది వచ్చిందని ఎవరు చెప్పినా మార్చొద్దు.

ఇంటర్వ్యూ రాసుకునేది మార్క్‌డౌన్ అనే సాదా పద్ధతిలో. జాన్ గ్రూబర్ 2004లో తెచ్చిన ఈ పద్ధతిలో నేర్చుకోవాల్సింది అరపూట పని. నోట్‌ప్యాడ్‌లో టైపు చేస్తారు. ఫైలు మొదట్లో పైనొకటి, కిందొకటి మూడేసి చిన్న గీతల వరసలు (---) పెట్టి, వాటి మధ్య శీర్షిక, తేదీ, మాట్లాడినవారి పేరు, ఊరు రాస్తారు. కింద ప్రశ్న బోల్డ్‌లో, జవాబు మామూలుగా. బోల్డ్ కావాలంటే మాటకి అటూ ఇటూ రెండేసి నక్షత్రం గుర్తులు (**).

ఇక్కడ తెలుగు లాంటి భాషలకి వచ్చే ఒక చిక్కుంది. ‘గేలీ’ (పేర్చిన అక్షరాల వరసల్ని ఉంచే పళ్లెం) అన్న మాటని కొటేషన్లలో పెట్టి, కొటేషన్లతో సహా బోల్డ్ చేసి, వెంటనే ‘లో’ అని విభక్తి తగిలించారనుకోండి. బోల్డ్ అవ్వదు. నక్షత్రాలు నక్షత్రాల్లాగే పేజీ మీద కనిపిస్తాయి. ఇంగ్లీషులో మాట తర్వాత ఖాళీ వస్తుంది, మనకి విభక్తి అతుక్కుని వస్తుంది. నక్షత్రాల్ని కొటేషన్ల లోపలికి జరిపితే సరిపోతుంది. అలాగే పేరా మొదట్లో ‘1974.’ అని సంవత్సరం రాసి చుక్క పెడితే అది లిస్టులో 1974వ అంశం అనుకుంటుంది. ‘1974లో’ అని రాయండి, గొడవుండదు.

తేదీ దగ్గర ఇంకో మడతపేచీ. హ్యూగో భవిష్యత్తు తేదీ ఉన్న పేజీని చూపించదు. మీరు టైమ్‌జోన్ చెప్పకపోతే తేదీని లండన్ గ్రీనిచ్ లెక్కన చూస్తుంది. అంటే ఈ రోజు తేదీ వేసి అర్ధరాత్రి పన్నెండున్నరకి సైటు కట్టారనుకోండి, దాని దృష్టిలో ఈ రోజు ఇంకా మొదలే కాలేదు. మన లెక్కన ఉదయం అయిదున్నర దాటితేగాని ఆ పేజీ రాదు. నేను మొదటి ఇంటర్వ్యూ పెట్టిన రాత్రి, ఫైలు ఎక్కడో పోయిందని తెల్లవారుజాము దాకా వెతుక్కున్నాను. పొద్దున లేచి మళ్లీ కడితే అదే వచ్చింది. సెట్టింగుల ఫైలులో టైమ్‌జోన్ ఆసియా, కోల్‌కతా అని ఒక్క లైను రాస్తే ఈ టెన్షన్ ఉండదు.

సైటు ఎక్కడ పెట్టాలి? క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌లో ఉచితంగా ఖాతా తెరవండి. హ్యూగో కట్టి ఇచ్చిన ఫోల్డరుని మౌస్‌తో లాగి ఆ పేజీలో వదిలితే సైటు ఎక్కిపోతుంది. ఒక్కో ఫైలు 25 ఎంబీ మించకూడదు. అక్షరాలకీ ఫోటోలకీ అది బోలెడు. మూడు వేల మాటల తెలుగు ఇంటర్వ్యూ వంద కేబీకి అటూ ఇటూ ఉంటుంది. గిట్‌హబ్ పేజెస్ అనే ఇంకో ఉచిత చోటు గురించి మీ తమ్ముడు తప్పకుండా చెప్తాడు. అదీ మంచిదే, సైటుకి ఒక జీబీ దాకా చోటిస్తారు. కానీ ఉచిత ఖాతాలో ఫైళ్లున్న చోటు అందరికీ తెరిచే ఉంచాలి. మూడు ఫోల్డర్ల గోడ అని పైన అన్నది ఇందుకే.

గిట్‌హబ్ నడిచేది గిట్ మీద. గిట్ అనేది ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే చిట్టా పుస్తకం. మామూలు పనులకి అది వరం. ఇంటర్వ్యూలకి వచ్చేసరికి రెండు వైపులా పదునున్న కత్తి. ఒక పెద్దాయన ఫోన్ చేసి, ‘అమ్మాయ్, మా అన్నదమ్ముల వాటాల సంగతి అన్నాను చూడు, అది తీసెయ్యి’ అంటాడు. మీరు వెంటనే తీసేస్తారు. పేజీలో పోతుంది. చిట్టాలో మాత్రం నిన్నటి రూపం అలాగే ఉంటుంది, తెలిసినవాడు రెండు నొక్కుల్లో చదువుతాడు. నాకు ఇలాగే జరిగింది. అప్పటికి నాలుగు నెలల నుంచి అది అక్కడే పడి ఉంది. ఎవరూ చూసి ఉండకపోవచ్చు, అయినా ఆ పెద్దాయనకి ‘తీసేశానండీ’ అని చెప్పిన మాట అబద్ధమైంది కదా. గిట్ వాడాలనుకుంటే ఆ చోటుని ప్రైవేటుగా ఉంచి, క్లౌడ్‌ఫ్లేర్‌కి కలపండి. ప్రైవేటుగా ఉన్నదాన్ని కూడా అది ఉచితంగానే తీసుకుంటుంది. మొదటి ఆర్నెల్లు మాత్రం గిట్ జోలికి వెళ్లకుండా ఫోల్డరు లాగి వదలడమే మేలని నా అభిప్రాయం. మీ తమ్ముడు ఒప్పుకోడు, ఫర్వాలేదు.

ఆడియో లెక్క వేరు. గంట రికార్డింగుని మోనోలో, 64 కేబీపీఎస్ ఎంపీత్రీగా మారిస్తే సుమారు 29 ఎంబీ వస్తుంది. మాటలకి ఆ నాణ్యత చాలు. కానీ క్లౌడ్‌ఫ్లేర్ హద్దుని కొద్దిలో దాటుతుంది. ముక్కలు చేసే బదులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టండి. 1996లో మొదలైన లాభాపేక్ష లేని సంస్థ అది, డబ్బు అడగదు. అక్కడ పెట్టిన ఆడియోని మీ పేజీలో ఒక చిన్న ప్లేయర్‌గా చూపించొచ్చు. 2024 అక్టోబరులో సైబర్ దాడి జరిగి అదీ కొన్ని రోజులు మూతపడింది. అందుకని ఉన్న ఒక్క ప్రతినీ అక్కడే వదిలేయొద్దు. లాప్‌టాప్‌లో ఒకటి, విడిగా హార్డ్ డిస్కులో ఒకటి, మీ ఇంట్లో కాకుండా పెద్దమ్మగారింట్లోనో స్నేహితురాలి దగ్గరో ఇంకొకటి ఉండాలి. అన్నట్టు ఆర్కైవ్‌లో పెట్టేది బహిరంగం. కత్తిరించి, అనుమతి తీసుకున్న ఆడియోనే అక్కడికి పంపండి.

ఫోటోల్లో ఇంకో సంగతి దాగి ఉంటుంది. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఉంటే, తీసిన ప్రతి ఫోటోలోనూ ఆ ఇల్లు మ్యాపులో ఎక్కడుందో రాసి ఉంటుంది. ఒంటరిగా ఉండే ఎనభై ఏళ్ల మనిషి ఇంటి ఆచూకీ లోకానికి చెప్పినట్టే. ఎక్కించేముందు ఆ వివరాలు తీసేయండి. ఫోటో వెడల్పు 1200 పిక్సెళ్లకి తగ్గించండి. సెల్‌ఫోన్‌లో చదివేవాళ్లే ఎక్కువ, పదేసి ఎంబీల ఫోటోలు పెడితే పల్లెటూళ్లో పేజీ తెరుచుకోదు.

ఇక మీ పెద్దవాళ్లు అసలు తగువు పెట్టుకోబోయేది అక్షరాల దగ్గర. ఉచితంగా దొరికే థీములు చాలావరకు ఇంగ్లీషు అక్షరాలని చూసి చేసినవి. వాటిలో లైనుకీ లైనుకీ మధ్య జాగా తక్కువ. మన ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. పెద్ద శీర్షికల్లో ‘స్త్రీ’ అని రాస్తే తకారం ఒత్తు నడుముకి తెగుతుంది, లేదా కింది లైను గుడిని పొడుస్తుంది. లైను ఎత్తుని 1.8 దాకా పెంచండి, అక్షరం సైజు 18 పిక్సెళ్లకి తగ్గనివ్వకండి. అక్షరాల మధ్య దూరం పెంచే సెట్టింగు ఉంటే సున్నా చేయండి. ఇటాలిక్ జోలికి వెళ్లొద్దు. తెలుగుకి ఇటాలిక్ సంప్రదాయం లేదు, బ్రౌజర్ ఉన్న అక్షరాన్నే పక్కకి తోసి వంకర చేస్తుంది.

రెండు అంచులూ సమానంగా వచ్చేలా సర్దే జస్టిఫై కూడా వద్దు. మన మాటలు పొడుగు, సెల్‌ఫోన్ తెర ఇరుకు, లైనుకి మూడు మాటలు పడితే గొప్ప. ఆ మూడింటినీ అంచులకి లాగితే మధ్యలో కాలువలు తవ్వినట్టుంటుంది. లైనులో స్పేసులు ఎలా సర్దాలో మీ పదకొండు మందిలో ఎవరినడిగినా గంటసేపు చెప్తారు. అడిగి రికార్డు చేయండి, అదే ఇంకో ఇంటర్వ్యూ అవుతుంది.

ఫాంటు విషయంలో నా మాట: చదివే భాగానికి ఏ ఫాంటూ అంటించకండి, పాఠకుడి ఫోన్‌లో ఉన్నదానితోనే కనపడనివ్వండి. పేజీ తేలిగ్గా ఉంటుంది. శీర్షికలకి కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సూరన్న లాంటివి ఉచితంగా ఉన్నాయి. ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడండి. మీ తాతయ్యగారి గురించి ఎవరైనా పాత వ్యాసం డీటీపీలో కొట్టించి ఉంటే, అది బహుశా అను ఫాంట్లలో, అంటే యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లలో ఉంటుంది. దాన్ని నేరుగా సైటులో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. ముందు అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చి, ఆపైన ప్రతి లైనూ చూసుకోండి. మార్పిడిలో ఒత్తులు తారుమారవుతాయి.

రికార్డింగుని రాతలోకి దించడం అన్నిటికన్నా పెద్ద పని. గంట మాటలకి అయిదారు గంటలు పడుతుంది, ఇందులో అడ్డదారి లేదు. మాట వినగానే రాసిపెట్టే సాఫ్ట్‌వేర్లు తెలుగులోనూ వచ్చాయి. కానీ వృత్తి మాటలు వాటికి తెలియవు. నేను ఒక ప్రెస్సు మనిషి మాటలు ఇచ్చి చూశాను. ‘గేలీ’ అంతటా ‘గాలి’ అయింది. ‘స్టిక్కు (అక్షరాలు పేర్చే చేతి పనిముట్టు) పట్టుకుని’ అన్నది ‘స్టిక్కర్ పట్టుకుని’ అయింది. మీకు విలువైనవే ఆ మాటలు. ట్రెడిలు (కాలితో తొక్కి నడిపే అచ్చు యంత్రం), ఫారం (అచ్చుకి బిగించిన పేజీలు), కేసు (అక్షరాల గడుల పెట్టె), గేలీ ప్రూఫు వంటివాటికి స్పెల్లింగు ఎలా రాయాలో ఒక కాగితం మీద రాసుకుని పదకొండింటిలోనూ ఒకేలా వాడండి. వెతికేవాళ్లకి దొరుకుతుంది.

ఎంత దిద్దాలి అన్నది మీరు అడగలేదు, కానీ రెండో రోజే ఎదురవుతుంది. ఇలాంటి జవాబు అనుకోండి: ‘అంటే ఏంటంటే, చెయ్యి దానంతటది పోయేదమ్మా కేసులోకి. చూసేవాళ్లం కాదు. అంటే చూస్తే పని సాగదు కదా, అదన్నమాట, చూస్తే సాగదు.’ నేనైతే ఇలా వేస్తాను: ‘చెయ్యి దానంతటది పోయేదమ్మా కేసులోకి. చూసేవాళ్లం కాదు. చూస్తే పని సాగదు కదా.’ ఊతపదాలు పోయాయి, మనిషి ఉన్నాడు. దీన్ని ‘చేతులు అసంకల్పితంగా గడుల వైపు కదిలేవి’ అని మార్చే పెద్దమనుషులు ఉంటారు, మీ స్నేహితుల్లోనే ఉంటారు. వాళ్ల చేతికి ఫైలు ఇవ్వకండి.

యూజెస్ దిస్ అని ఒక ఇంగ్లీషు సైటుంది, డేనియల్ బోగన్ అనే ఆయన 2009లో మొదలుపెట్టారు. రకరకాల పనులు చేసేవాళ్లని అవే నాలుగు ప్రశ్నలు అడుగుతారు: మీరెవరు, ఏం చేస్తారు? ఏ పరికరాలు వాడతారు? ఏ సాఫ్ట్‌వేర్? మీ కలల సరంజామా ఎలా ఉంటుంది? అంతే. అదీ స్టాటిక్ సైటే. ప్రశ్నలు మారవు కాబట్టి ఒక పేజీ తయారుచేయడం తెలిస్తే అన్నీ తెలిసినట్టే. చదివేవాళ్లకి మనుషుల మధ్య తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మీరు ఇప్పటికే స్వేచ్ఛగా మాట్లాడించారు కాబట్టి వాటిని ఆ మూసలో పోయొద్దు. కానీ ప్రతి పేజీ చివర అందరికీ ఒకటే చిన్న భాగం పెట్టొచ్చు: ఏ వయసులో చేరారు, మొదటి జీతం ఎంత, ఆఖరిసారి సీసం అక్షరం ఎప్పుడు పట్టుకున్నారు. పదకొండు పేజీలు కలిపి చదివితే ఒక ఊరి ప్రెస్సుల కథ దానంతటదే బయటికొస్తుంది.

అనుమతి పత్రం అరపేజీ చాలు, తెలుగులో. అక్షరాలు వేయొచ్చా, గొంతు వినిపించొచ్చా, ఫోటో వేయొచ్చా అని మూడు విడివిడి ప్రశ్నలు, ఒక్కోదానికీ అవును, కాదు. ఎప్పుడు తీసేయమన్నా తీసేస్తానని ఒక వాక్యం. దీనివల్ల ఎవరికీ డబ్బు రాదని ఇంకో వాక్యం. ఇది దాచకండి, కొందరు సైటంటే యూట్యూబులా డబ్బులొస్తాయనుకుంటారు. పైకి చదివి వినిపించి, వాళ్ల సమ్మతి వాళ్ల గొంతుతోనే రికార్డు చేసుకోండి. ఇంట్లో కొడుకో కోడలో పక్కన ఉంటే ఇంకా మంచిది. రేపు ఫోన్ చేసి గొడవపడేది వాళ్లే.

పాత యజమాని జీతాలు ఎగ్గొట్టాడని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. బాధ నిజమైనదే, మాట ఉంచండి, పేరు తీసేయండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ పరువునష్టానిది. చనిపోయినవాళ్ల మీద వేసిన నింద వాళ్ల కుటుంబాన్ని నొప్పించేదైతే అదీ దాని కిందికి రావచ్చు. అనుమానం ఉన్న పేజీని తెలిసిన వకీలుకి ఒకసారి చూపించండి.

నడపడం కష్టమా అన్నారు. నెలకి ఒక సాయంత్రం పట్టే పని. సైటుకి సొంత పేరు కొనండి, డాట్ ఇన్ పేరుకి ఏడాదికి సాధారణంగా వెయ్యి లోపే అవుతుంది. మొదటి ఏడాది ఆఫరు రేటు చూసి మురిసిపోకుండా రెన్యువల్ రేటు ఎంతో చూడండి. మొత్తం వ్యవహారంలో మీకు తప్పని ఖర్చు ఇదొక్కటే. ఆ పేరు మీ ఈమెయిల్ మీద, మీ ఫోన్ నంబరు మీద ఉండాలి. నా మొదటి సైటు పేరు ఒక మిత్రుడు తన కార్డుతో కొనిపెట్టాడు. అతను ఉద్యోగం మారి ఊరు వదిలాడు, రెన్యువల్ మెయిళ్లు ఎవరూ చూడని ఖాతాకి వెళ్లాయి. గడువు దాటింది. ఇప్పుడు ఆ పేరు కొడితే రమ్మీ ఆడమని పిలుస్తుంది. నేను ఇంటర్వ్యూ చేసినవాళ్లలో ఒకాయన విజిటింగ్ కార్డు వెనకాల ఆ చిరునామా అచ్చు వేయించుకున్నారు. అది మాత్రం నాకు ఇప్పటికీ ముల్లే.

పాఠకులు వాట్సాప్ గ్రూపుల్లోంచే వస్తారు. లింకు పంపినప్పుడు కింద చిన్న బొమ్మ, శీర్షిక, ఒక వాక్యం కనిపిస్తేనే నొక్కుతారు. చాలా థీముల్లో దానికి ఏర్పాటు ఉంటుంది. ప్రతి ఇంటర్వ్యూకి ఒక బొమ్మ ఇవ్వడం మర్చిపోకండి, 300 కేబీ లోపు ఉండనివ్వండి. సైటులో వెతుకులాటకి పేజ్‌ఫైండ్ లాంటివి ఉన్నాయి కానీ పదకొండు ఇంటర్వ్యూలకి అది ఎలుకకి ఏనుగంబారీ. మన మాటలు రూపాలు మారుస్తాయి, ‘అక్షరం’ అని వెతికితే ‘అక్షరాలు’ ఉన్న చోటు తగలకపోవచ్చు. దానికి బదులు చేత్తోనే ఒక విషయసూచిక పేజీ రాయండి: ఊళ్లు, ప్రెస్సులు, యంత్రాలు, పదాలు, ఏది ఏ ఇంటర్వ్యూలో ఉందో. పుస్తకం చివర ఉండే ఇండెక్సు లాంటిది. నాకైతే సైటులో అన్నిటికన్నా ఇష్టమైన పేజీ అదే.

పదకొండూ ఒకేసారి పెట్టేయొద్దు, అలాగని నెలకొకటి చొప్పున ఏడాది సాగదీయొద్దు. మాట్లాడినవాళ్ల వయసు గుర్తుంచుకోండి. మొదటి రోజు మూడు, ఆ తర్వాత పదిహేను రోజులకొకటి వేస్తే నాలుగు నెలల్లో అయిపోతుంది. ఏది ముందు అంటే, అందరికన్నా పెద్దాయనది.

ఈ ఆదివారం హ్యూగో దించకండి. ఆయన ఇంటర్వ్యూని పెద్ద అక్షరాల్లో, లైన్ల మధ్య బాగా ఖాళీ వదిలి ప్రింటు తీసుకుని వెళ్లండి. చూపు ఆనకపోతే మీరే చదివి వినిపించండి. ఆనితే కాగితం, ఎర్ర పెన్ను ఆయన చేతికిచ్చి పక్కన కూర్చోండి. ఆయన మీ అచ్చుతప్పులు వరసగా పట్టేస్తారు, మార్జిన్‌లో పాత ప్రూఫు గుర్తులు వేస్తారు. ఆ కాగితం ఫోటో తీసి సైటు మొదటి పేజీలో పెట్టండి. బొమ్మ కోసం ఇంకేమీ వెతుక్కోనక్కర్లేదు.